మాట పుట్టించిన నిజం

దేవకీ వసుదేవుల వివాహమైన నాడు చెల్లెలిని అత్తవారింటికి సాగనంపడానికి కంసుడే స్వయంగా రథం తోలాడు. అంతవరకు అతనికి చెల్లెలిమీద వాత్సల్యం తప్ప మరొక భావం లేదు. దారిలో ఆకాశవాణి పలికింది, ఈమె అష్టమ గర్భాన పుట్టినవాడు నీ ప్రాణం తీస్తాడని. ఆ ఒక్క మాటతో అన్నగారు కత్తి దూశాడు. చెరసాల, శిశుహత్యలు, వ్రేపల్లెలో రహస్య పోషణ, చివరకు మథురలో మల్లరంగం, ఇవన్నీ ఆ మాట తరువాత జరిగినవే. పౌరాణికులు దీనిని దైవసంకల్పమంటారు. వారు చెప్పవలసినదీ అదే. కాని చరిత్ర చదివేవానికి వేరొక సందేహం కలుగుతుంది. ఆ మాట కంసుని చెవిని పడకపోయి ఉంటే, మేనమామమీద మేనల్లునికి పగపుట్టే కారణం ఏముండేది? జోస్యాన్ని తప్పించుకోవడానికి అతడు చేసిన ప్రతి పనీ జోస్యాన్ని మరింత దగ్గరకు తెచ్చింది.

ఆ పురాణంలోని అశరీరవాణికీ, మేము పనిచేసే సంస్థకూ ఒకటే పేరు కావడంచేత, ఈ కథ విన్నప్పుడల్లా నాకు కొంచెం జంకు కలుగుతూ ఉంటుంది.

పంచాంగంలో గ్రహణం వ్రాసినంత మాత్రాన సూర్యచంద్రులు తమ నడక మార్చుకోరు. వారికి పంచాంగం చదివే అలవాటు లేదు. మనుష్యుల విషయం అట్లా కాదు. తమను గురించి చెప్పిన జోస్యాన్ని వారు వింటారు, విని నడవడి మార్చుకొంటారు, ఆ మారిన నడవడి కొన్ని సందర్భాలలో జోస్యాన్నే నిజం చేసి పెడుతుంది. ఈ స్థితికి శాస్త్రంలో ఒక పేరు పెట్టినవాడు అమెరికా సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్. 1948లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఆయన దీనిని, తన్ను తానే నిజం చేసుకొనే జోస్యమన్నాడు. మొదట అబద్ధమైన ఒక అభిప్రాయం, దానిని నమ్మినవారి ప్రవర్తన కారణంగానే నిజమై కూర్చుంటుందని ఆయన భావం. ఆయన మనసును ఎక్కువగా బాధించిన ఉదాహరణ అమెరికాలోని నల్లజాతి కార్మికులది. వీరు సమ్మెలను భంగపరుస్తారని చెప్పి తెల్లవారి సంఘాలు వీరిని చేర్చుకోలేదు. సంఘం లేక, పని దొరకక తిరిగే ఆ మనుష్యులు, సమ్మె జరిగిన చోట ఖాళీ అయిన పనిలోకి వెళ్ళక ఏమి చేస్తారు? వెళ్ళారు. మేము ముందే చెప్పలేదా అన్నారు సంఘాలవారు.

ఈ విషయం వివరించడానికి మెర్టన్ మొదట చెప్పినది ఒక బ్యాంకు కథ. అది ఆయన కల్పించినది. కల్పన అవసరం లేకుండానే చరిత్రలో అటువంటివి జరిగాయి. వాటిలో రెండింటిని శ్రోతల ముందు ఉంచడం నా ఉద్దేశం. ఒకటి జపానులో 1927లో ఒక మంత్రి నోటి మాటతో మొదలైనది. రెండవది అమెరికాలో 1933లో ఒక రేడియో ప్రసంగంతో సద్దుమణిగినది.

ముందుగా బ్యాంకు సంగతి కొంచెం తెలుసుకోవాలి. మనం దాచిన రూపాయి అక్కడి ఇనపపెట్టెలో మన పేర నిలిచి ఉండదు. అందులో కొంతభాగం నగదుగా ఉంచి, తక్కినది బ్యాంకు వారు వర్తకులకు, కర్మాగారాలకు, ఇండ్లు కట్టుకొనేవారికి అప్పు ఇస్తారు. ఆ అప్పులు మంచివే కావచ్చు, వడ్డీతో సహా తిరిగి వచ్చేవే కావచ్చు, కాని అవి రేపు ఉదయానికి రావు. అడిగిన క్షణాన ఇస్తామన్న వాగ్దానం మాత్రం డిపాజిటుదారులందరికీ ఉన్నది. అందరూ ఒకేసారి అడగరన్న భరోసామీద ఆ వాగ్దానం నిలిచి ఉన్నది.

ఇప్పుడు ఆ బ్యాంకు పడిపోతుందని ఒక పుకారు పుట్టిందనుకోండి. నమ్మిన అమాయకులు పరుగెత్తుతారు, తెలిసినవారు నవ్వి ఊరుకొంటారు అని మనం అనుకొంటాము. అది పొరపాటు. తెలిసినవాని ఆలోచన ఇట్లా సాగుతుంది: ఈ పుకారు అబద్ధమని నాకు తెలుసు, కాని పది మంది నమ్ముతారు, నమ్మి సొమ్ము తీసికొంటారు, తీసికొంటే బ్యాంకు నిజంగానే పడిపోతుంది, అప్పుడు వరుసలో చివర నిలిచిన నాకు ఏమీ మిగలదు. కాబట్టి అతడు నమ్మినవానికంటె ముందే వెళ్ళి నిలబడతాడు. ఇక్కడ ఎవరినీ మూర్ఖుడని అనడానికి వీలు లేదు. ఒక్కొక్కరూ వివేకంగానే ప్రవర్తిస్తారు, అందరూ కలిసి మునుగుతారు. జనసామాన్యపు అజ్ఞానంమీద నెపం వేసి చేతులు కడుగుకొనే చరిత్రకారులు ఈ మెలికను గమనించినట్లు కనబడదు.

1923 సెప్టెంబరు 1వ తేదీన జపానులో మహాభూకంపం వచ్చింది. టోకియో, యోకోహామా నగరాలు చాలా భాగం కాలిపోయాయి. లక్షకు పైగా జనం మరణించారు. వర్తకుల సరుకులు బూడిద కావడంతో వారు వ్రాసి ఇచ్చిన హుండీలు చెల్లకుండా పోయాయి. వాటివల్ల బ్యాంకులు కూలకుండా జపాన్ బ్యాంకు అనే కేంద్ర బ్యాంకు, ప్రభుత్వం పూచీమీద, ఆ హుండీలను తీసికొని డబ్బు ఇచ్చింది. భూకంపపు హుండీలని వాటికి పేరు. గడువు తరువాత గడువు పొడిగిస్తూ వచ్చినా, 1926 చివరకు ఇంకా సుమారు 20 కోట్ల యెన్ల హుండీలు చెల్లకుండా మిగిలాయి. భూకంపంతో సంబంధం లేని పాత చెడ్డ బాకీలు కూడా వాటి చాటున చేరాయని అనుమానం. వీటి పరిష్కారానికి ప్రభుత్వం 1927 ఆరంభంలో పార్లమెంటులో బిల్లులు పెట్టింది. ఈ హుండీలు ఏ బ్యాంకుల దగ్గర ఎంత ఉన్నాయో పేర్లతో చెప్పవలసిందని ప్రతిపక్షం పట్టుపట్టింది. పేర్లు చెబితే ఏమవుతుందో ప్రభుత్వానికి తెలుసు.

మార్చి 14వ తేదీన టోకియో వతనబె బ్యాంకు అధికారులు ఆర్థిక శాఖకు వచ్చారు. ఆ రోజు చెల్లింపులకు సొమ్ము సరిపోవడం లేదని, సహాయం అందకపోతే తలుపులు మూయక తప్పదని చెప్పారు. శాఖాధికారి ఆ సంగతి ఒక కాగితంమీద వ్రాసి, సభలో ఉన్న మంత్రికి పంపాడు. ఈలోగా బ్యాంకు వారు వేరొక చోట సొమ్ము సమకూర్చుకొని ఆ రోజు గండం గడుపుకొన్నారు. ఆ వార్త మాత్రం సభకు అందలేదు. బడ్జెటు కమిటీలో ప్రతిపక్షం వారి ప్రశ్నలకు సమాధానమిస్తూ ఆర్థిక మంత్రి కతఓక నఓహరు, ఈ మధ్యాహ్నమే వతనబె బ్యాంకు పడిపోయిందని ప్రకటించాడు.

ఆయన ఆ మాట అంటున్న సమయానికి బ్యాంకు పడిపోలేదు. మరునాడు ఉదయం అది తెరుచుకోలేదు.

అంతటితో ఆగి ఉంటే ఇది ఒక బ్యాంకు దురదృష్టం. కాని ఆ బ్యాంకే పడిపోయిందంటే మన బ్యాంకు సంగతి ఏమిటన్న ప్రశ్న ప్రతి ఇంటా పుట్టింది. వారం దినాలలో టోకియో, యోకోహామా ప్రాంతాలలో మరికొన్ని బ్యాంకులు తలుపులు మూశాయి. జపాన్ బ్యాంకు అప్పులు గుమ్మరించి, పార్లమెంటు బిల్లులను ఆమోదించి, మార్చి చివరకు కొంత శాంతి నెలకొల్పగలిగారు. ఏప్రిల్‌లో రెండవ కెరటం లేచింది. కోబె నగరపు సుజుకి అనే పెద్ద వర్తక సంస్థకు తైవాన్ బ్యాంకు మితిమీరి అప్పులిచ్చి ఉన్నది. దానిని కాపాడడానికి మంత్రివర్గం కోరిన అత్యవసరాజ్ఞను చక్రవర్తి సలహామండలి 17వ తేదీన తిరస్కరించింది; వకత్సుకి మంత్రివర్గం ఆ రోజే రాజీనామా ఇచ్చింది. మరునాడు జపానులోని తైవాన్ బ్యాంకు శాఖలు మూతపడ్డాయి. 21వ తేదీన ప్రభువంశీయుల బ్యాంకుగా పేరు పొందిన పదిహేనవ బ్యాంకు కూడా మూతపడింది.

కొత్త మంత్రివర్గంలో ఆర్థిక శాఖ తకహషి కొరెకియొకు వచ్చింది. ఆయనకు అప్పటికి డెబ్బది దాటాయి, విశ్రాంతిలో ఉన్న మనిషి. ఆయన ధైర్యవచనాలతో మొదలుపెట్టలేదు. రెండు రోజులు దేశంలోని బ్యాంకులన్నీ తలుపులు మూసుకొనేటట్లు చేశాడు. మూడు వారాల పాటు అప్పుల చెల్లింపులను ఆపే ఆజ్ఞ తెప్పించాడు. మధ్యలో ఆదివారం కలిసివచ్చింది. ఆ వ్యవధిలో 200 యెన్ల నోట్లు అచ్చు వేయించాడు. తొందరలో రెండువైపులా అచ్చు వేయడానికి సమయం చాలక ఒకవైపే వేశారు. వెనుకవైపు వట్టి తెల్లకాగితం. సోమవారం, అంటే ఏప్రిల్ 25న, బ్యాంకుల తలుపులు తెరిచేసరికి లోపలికి వచ్చినవారి కంటికి ఆనేటట్లు బల్లలమీద నోట్ల కట్టలు గుట్టలుగా పేర్చి ఉన్నాయి. కోరితే ఇస్తారని కన్నులారా చూచిన తరువాత చాలామంది కోరడమే మానుకొన్నారు. సుమారు నలభై రోజులు ఆ పదవిలో ఉండి, పని ముగిసిందని ఆయన దిగిపోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మంత్రికి అన్యాయం చేసినవాడనవుతాను. వతనబె బ్యాంకు బలమైన సంస్థ కాదు. పధ్నాలుగవ తేదీ తప్పినా ఎప్పుడో ఒకప్పుడు అది చిక్కులలో పడి ఉండేదే. ప్రతి వదంతీ అబద్ధం కాదు. మన జిల్లాలు చాలా భాగం మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1906 అక్టోబరు 22న, చెన్నపట్టణంలో అర్బత్నాట్ కంపెనీ దివాలా ప్రకటించింది. జీతాలలో మిగిల్చి దాచుకొన్న ఎందరో చిన్న ఉద్యోగుల సొమ్ము అందులో పోయింది. ఆ సంస్థను ఎవరి పుకారూ కూల్చలేదు. లోపల అది ఏనాడో గుల్ల అయింది. అనుమానించి ముందుగా సొమ్ము తీసికొన్నవాడు ఎవడైనా ఉంటే అతనిని తప్పుపట్టే అధికారం మనకు లేదు. గుల్ల అయిన సంస్థకూ, గట్టిదైనా భయంవల్ల కూలే సంస్థకూ భేదం వెలుపల వరుసలో నిలిచినవానికి తెలియదు. చిక్కంతా అక్కడనే ఉన్నది.

ఇక అమెరికా. 1930లో అక్కడ 1,350 బ్యాంకులు, 1931లో 2,293, 1932లో 1,453 బ్యాంకులు విఫలమయ్యాయి. వ్యవసాయ ధరలు పడిపోవడం, 1929 నాటి షేర్ల పతనం, చిన్న చిన్న బ్యాంకుల విస్తారం, కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటి చర్చ ఇప్పుడు వద్దు. జనం తీసికొన్న సొమ్ము మరొక బ్యాంకులో వేయక ఇండ్లలో దాచడం మొదలుపెట్టారు. 1932 మార్చి 6న అధ్యక్షుడు హూవర్ రేడియోలో దేశప్రజలతో మాట్లాడాడు. దాచిన సొమ్ము వెలుపలికి తీయండి, అది వర్తకంలో తిరిగితేనే అందరికీ పని దొరుకుతుందని కోరాడు. మాటలో తప్పు లేదు. కాని విన్నవాడు ఏమనుకొంటాడు? సొమ్ము దాచేవారు ఇంతమంది ఉన్నారా, అధ్యక్షుడే పూనుకొని చెప్పవలసినంత! కొంతకాలం కొద్దిపాటి ఫలితం కనబడినా అది నిలువలేదు.

అంతకన్న విచిత్రం మరొకటి జరిగింది. కష్టంలో ఉన్న బ్యాంకులకు అప్పులివ్వడానికి ప్రభుత్వం ఒక సంస్థను స్థాపించింది. ప్రజాధనం ఎవరికి వెళుతున్నదో ప్రజలకు తెలియాలన్న న్యాయమైన కోరికతో, అప్పు పొందిన బ్యాంకుల పేర్లు ప్రకటించడం మొదలుపెట్టారు. సహాయం పొందిన బ్యాంకు అంటే బలహీనమైన బ్యాంకు అని జనం అర్థం చేసికొని, ఆ జాబితాలో పేరున్న చోటికి పరుగెత్తారు. దానితో సహాయం అవసరమైనవారు కూడా అడగడానికి జంకారు.

1933 ఫిబ్రవరి 14న మిచిగన్ రాష్ట్రంలో గవర్నరు బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించాడు. ఆ సెలవు చూచి పొరుగు రాష్ట్రాల జనం బెదిరారు. మార్చి 4న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడుగా ప్రమాణం చేసే ఉదయానికి దేశంలోని చాలా రాష్ట్రాలలో బ్యాంకులు మూతపడో, చెల్లింపులు తగ్గించుకొనో ఉన్నాయి. 6వ తేదీన ఆయన దేశమంతటా బ్యాంకులకు సెలవు విధించాడు. 9వ తేదీన అత్యవసర బ్యాంకుల చట్టం ఒక్క రోజులో ఆమోదం పొందింది. 12వ తేదీ ఆదివారం రాత్రి పది గంటలకు శ్వేతభవనంలో మైక్రోఫోను ముందు కూర్చొన్నాడు.

మా వృత్తిలో ఉన్నవారికి ఆ పధ్నాలుగు నిమిషాలు ఒక పాఠం వంటివి. సుమారు 6 కోట్ల మంది విన్నారని అంచనా. ఆయన ధైర్యంగా ఉండండని మొదలుపెట్టలేదు. మీరు వేసిన సొమ్ముతో బ్యాంకు ఏమి చేస్తుందో చెప్పాడు. అందరూ ఒక్కసారి అడిగితే ఎందుకు ఇవ్వలేదో చెప్పాడు. రేపు ఏ నగరాలలో తెరుస్తారు, ఎల్లుండి ఎక్కడ, ఆ తరువాత ఎక్కడ, వరుసగా చెప్పాడు. మీ బ్యాంకు రేపే తెరవకపోతే అది ఎన్నటికీ తెరవదని అనుకోవద్దన్నాడు. కొన్ని బ్యాంకులలో నష్టం ఉండవచ్చునని కూడా దాచకుండా ఒప్పుకొన్నాడు. పరుపు క్రిందకంటె తిరిగి తెరిచిన బ్యాంకులో సొమ్ము భద్రమన్న మాట అప్పుడు చెప్పాడు. బ్యాంకుల వ్యవహారాన్ని బ్యాంకర్లకు సైతం అర్థమయ్యేటట్లు చెప్పాడని హాస్యప్రియుడు విల్ రోజర్స్ చమత్కరించాడు.

సోమవారం ఉదయం బ్యాంకుల ముందు మళ్ళీ వరుసలు కనబడ్డాయి. ఈసారి జనం సొమ్ము వేయడానికి వచ్చారు. దాచిన నోట్లలో సగానికి పైగా రెండు వారాలలో తిరిగి వచ్చాయి. 15వ తేదీన న్యూయార్కు షేర్ల బజారు తెరిచిన రోజున ధరలు ఒక్క దినంలో 15 శాతానికి మించి పెరిగాయి.

ఒక గొంతు ఒక జాతిని నిలబెట్టిందని ఈ కథను చెప్పుకోవడం రేడియో వారికి ఎంతో ఇష్టం. నాకూ ఇష్టమే. కాని కథ అది కాదు. సరిగా ఏడాది ముందు అదే రేడియోలో హూవర్ మాట్లాడినప్పుడు మాట వెనుక ఏమీ లేదు. రూజ్‌వెల్ట్ మాట వెనుక వారం దినాల సెలవు ఉన్నది, లెక్కలు తనిఖీచేసి గట్టివాటినే తెరుస్తామన్న చట్టం ఉన్నది, బ్యాంకుల ఆస్తులమీద కొత్త నోట్లు ఇచ్చే అధికారం ఉన్నది. తకహషి బల్లలమీద పేర్చిన నోట్ల గుట్ట ఏమి చేసిందో ఇదీ అదే చేసింది. పుకారు నమ్మని తెలిసినవాడు ఉన్నాడు గదా, అతడు ముందుగా పరుగెత్తవలసిన అవసరాన్ని తీసివేసింది. ఆ సంవత్సరం సుమారు 4,000 బ్యాంకులు మూతపడి మరి లేవలేదన్న సంగతి కూడా మరువరాదు. వాటి డిపాజిటుదారులకు ఆ ప్రసంగం ఎంత మధురంగా తోచిందో చెప్పలేము.

తరువాత జరిగినది ఇంకా గమనింపదగినది. 1934 జనవరి 1 నుంచి అమెరికాలో డిపాజిట్లకు బీమా వచ్చింది, మనిషికి 2,500 డాలర్ల వరకు. ఈ ఆలోచన రూజ్‌వెల్టుకు మొదట నచ్చనే లేదు. చెడ్డ బ్యాంకుల తప్పులకు మంచి బ్యాంకులు మూల్యం చెల్లించాలా అని ఆయన సంశయించాడు. ఆ ఏడాది బీమా ఉన్న బ్యాంకులలో విఫలమైనవి తొమ్మిది. నాలుగు వేలకూ తొమ్మిదికీ భేదం చూడండి. చెల్లిస్తామన్న పూచీ ఉండడంచేత చాలా చోట్ల చెల్లించే అవసరమే రాలేదు. మన దేశంలో 1960లో కేరళలోని పాలాయి సెంట్రల్ బ్యాంకు మూతపడి ఎందరో నష్టపోయారు. ఆ అనుభవం తరువాత 1962 జనవరి 1న డిపాజిట్ల బీమా సంస్థ ఏర్పడింది. అప్పటి హామీ 1,500 రూపాయలు. 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు.

బ్యాంకుకు బీమా ఉన్నది గాని వీధి చివర కొట్టులోని ఉప్పుకు లేదు. 2016 నవంబరులో ఉప్పు కరవు వస్తుందన్న వదంతి ఉత్తర భారతంలో పుట్టి హైదరాబాదు దాకా వచ్చింది. ఉప్పుకు కొరత లేదని ప్రభుత్వం ప్రకటించింది. ఇటువంటి ప్రకటన చదివేవాని ఇరుకును శ్రోతలు ఊహించగలరు. కొరత లేదని చెప్పకపోతే వదంతి పెరుగుతుంది. చెబితే, వదంతి వినని ఇంటికి కూడా దానిని చేర్చినట్లవుతుంది. అటువంటి సాయంత్రం ఒకసారి నేను చదవడం ముగించి ఇంటికి వెళ్ళేసరికి మా ఇంట్లోనే నాలుగు సంచులు అదనంగా వచ్చి ఉన్నాయి. కొరత లేదని నాకు తెలియదా అని మా ఆవిడ అన్నది. ఎదురింటివారు తెచ్చుకొంటూ ఉంటే ఎట్లా ఊరుకోవడం అని కూడా అన్నది. వతనబె బ్యాంకు డిపాజిటుదారుల తర్కం ఇదే. ఉప్పు మరునాటికి కొట్టుకు వచ్చింది కాబట్టి జోస్యం ఒక పూట మాత్రమే నిజమైంది.

మళ్ళీ జపానుకే వెళితే, 1973 డిసెంబరులో ఐచి మండలంలోని తొయొకవ అనే ఊరికి సమీపంలో ముగ్గురు బడిపిల్లలు రైలులో వెళుతున్నారు. ఒకామెకు అక్కడి పరపతి బ్యాంకులో ఉద్యోగం దొరికింది. బ్యాంకు అంటే ప్రమాదం సుమా అని స్నేహితురాలు ఆటపట్టించింది. దొంగలు పడతారన్నది ఆమె ఉద్దేశం. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి బంధువులను అడిగింది, వారు మరొకరిని అడిగారు. మాట మంగలి కొట్టుకు చేరింది, అక్కడినుంచి బట్టలుతికే దుకాణానికి చేరింది. ఆ దుకాణంలో ఎవరో తమ వ్యాపారపు పనికి 12 లక్షల యెన్లు తీయమని ఫోనులో చెబుతూ ఉండగా యజమానురాలు విన్నది. అంతవరకు వట్టి మాటగా ఉన్నది ఆమెకు రుజువుగా తోచింది. తమ సొమ్ము తీసికొని, తెలిసినవారందరికీ చెప్పింది. వారిలో ఒక రేడియో ఔత్సాహికుడు తన యంత్రంమీద దూరదూరాలకు ఆ వార్త పంపాడు. చమురు సంక్షోభంతో జనం అప్పటికే బెదిరి ఉన్న రోజులు. కొద్ది దినాలలో కోట్ల కొలది యెన్లు బ్యాంకు నుంచి వెళ్ళిపోయాయి. కేంద్ర బ్యాంకు పంపిన నోట్ల కట్టలను, 1927లో వలెనే, వచ్చినవారికి కనబడేటట్లు పేర్చారు. ఆ బ్యాంకు నిలిచింది. పోలీసులు మాటను వెనుకకు వెనుకకు తరుముకొంటూ వెళ్ళి చివరకు ఆ రైలుపెట్టె దగ్గర తేలారు. ఎవరిమీదా నేరం మోపలేదు. మోపడానికి నేరం కనబడలేదు.